ఏటవాలు వీధిపై విమానయంత్ర దండయాత్ర

స్వస్తి! సమస్త నట్టు బోల్టు నివహమునకు స్వస్తి! తుప్పు పట్టినదానికి, పట్టుచున్నదానికి, పట్టబోవుదానికి స్వస్తి! పెట్రోలుధూమ పరిమళభరితమై, హారనుల ఆర్తనాద ముఖరితమై, మిట్టపల్లములకు పుట్టినిల్లయిన ఒకానొక పట్టణమున, బస్సుల డిపో గోడ వెనుక, రేకుల షెడ్డులో, డబ్బా అడుగున మిగిలిన గ్రీజు ఎండకు కరిగి నేలపైకి జారుచున్న శుభముహూర్తమున, లారీ కింద వెల్లకిల పరుండి పాదములు మాత్రమే లోకమునకు దర్శనమిచ్చుచున్న మహావీరుడెవ్వడో, వాని కథ చెప్పబోవుచున్నాను. దగ్గదలచినవారు ఇప్పుడే దగ్గుడు. మధ్యలో దగ్గినచో నాకు ఒళ్లు మండును. లోగడ ఇట్లే యుద్ధఘట్టము చెప్పుచుండగా ముందువరుస పెద్దమనిషి యొకడు ఖళ్లుమని దగ్గుటచేత, వీరుని చావు చెప్పుట మరచి, కథ చివర వానికి పెళ్లి చేసితిని.

మన వీరుడు స్పానరుపాణి, గ్రీజుచందనచర్చితగాత్రుడు, లారీగర్వభంజనుడు, జాకీసహాయశూరుడు. ఊరివారికి మాత్రము వట్టి మేస్త్రీ. ఆయన అడుగుల చప్పుడు విని, ఆగిపోయిన లారీలు భయముచే తమంత తామే స్టార్టగునని షెడ్డులో చెప్పుకొందురు. అది అబద్ధమే కాని, మంచి అబద్ధము.

ఆయన ఇల్లాలు సూచీహస్త, కత్తెరధారిణి, కొలతలకు లొంగని బొజ్జలను సైతము కోటులో ఇమిడ్చిన ధీర. ఏటవాలు వీధి కొననున్న కుట్టుకొట్టు ఆమెది. ఇంటినుండి కొట్టుకు గుడ్డల మూటలు మోయుటకై ఆమెకొక చిన్నకారు కలదు. ఆ కారు మిట్ట మొదట మూలుగును, నడుమ దగ్గును, మందుల షాపు ఎదుటకు వచ్చి చతికిలబడును. అంతట ఇల్లాలు దిగి, కొంగు బిగించి, డిక్కీకి భుజమానించి తోయును. మేస్త్రీ స్టీరింగు కడ సుఖాసీనుడై యుండును. ఇదేమి న్యాయమని అడుగకుడు. తోయుచుండగా క్లచ్చు వదలు ఒడుపు తనకొక్కనికే తెలియునని ఆయన వాదము.

ఊరి లారీలన్నిటిని బాగుచేయు చేయి ఇంటి కారును ముట్టలేదా అందురా? ముట్టెను. కొంతకాలము కిందట పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడనో పడిపోగా, ఆమె కొట్టులోని నీలిగుడ్డముక్కను ఉండచుట్టి ఆ రంధ్రమున కుక్కి, "ఇది తాత్కాలికం, రేపు మూత తెస్తా" అనెను. తాత్కాలికమను మాటకు ఆ షెడ్డులో ఆయుర్దాయమెక్కువ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత యని పెద్దలు ఊరకే అనలేదు.

ఇట్లుండ ఒకనాటి ఉదయమున, ఇల్లాలు యథాప్రకారము కారును తోయుచుండగా, కిక్కిరిసిన సిటీబస్సొకటి వారి పక్కగా వచ్చెను. అందు కండక్టరు ఎవ్వడు? ఆమెకు తోడబుట్టిన తమ్ముడు, మేస్త్రీకి స్వయానా బావమరిది. వాడు ఫుట్‌బోర్డుపై వేలాడుచు, ఊరంతటికి వినబడునట్లు కేక వేసెను.

"ఏం బావా! ఊళ్లో లారీలన్నీ నీ చేతిమీదుగా పరిగెడతాయి. మా అక్క మాత్రం కారుని నడిపించుకుంటూ కొట్టుకి తీసుకెళ్తుంది!"

బస్సు సమస్తము నవ్వెను. కూర్చున్నవారు నవ్విరి, నిలుచున్నవారు నవ్విరి. టికెట్టు తీసుకొననివాడు, తన్నెవ్వరు గమనింపకుందురని, అందరికంటె గట్టిగా నవ్వెను.

ఇల్లాలు మాత్రము నవ్వలేదు, కోపపడలేదు. ఒక కాలిపై నిలిచి, చెప్పు తీసి, దుమ్ము దులిపి, రెండవది కూడ దులిపి, తొడుగుకొని, "పదండి, కొట్టు తెరవాలి" అనెను. ఆమె రోజూ అట్లే దులుపునని మేస్త్రీ ఆనాడే చూచెను. అద్దములో చూచెను. చూచి సిగ్గుపడెను. దాచనేల, కళ్లలో నీళ్లు కూడ తిరిగెను, కాని పెట్రోలు ఆవిరి కొట్టినదని తనకు తానే చెప్పుకొనెను.

షెడ్డు చేరినవాడై, ఆయిలు డ్రమ్ముపైకి లంఘించి, స్పానరు గగనమున కెత్తి, ఆ రోషభీషణుడు ఇట్లు ప్రతిజ్ఞ చేసెను:

"వినుడో టైర్లారా! వినుడో ట్యూబులారా! చిల్లుపడి ప్యాచి పడని రేడియేటర్లారా, మీరును వినుడు! నా ఇల్లాలి పాదము ఆ మిట్టపై మోపబడకుండ, ఏ భుజమును డిక్కీకి తాకకుండ, టాప్ గేరున ఆ ఏటవాలు నెక్కించెదను! ఎక్కించనైతినా, ఈ స్పానరు త్యజించి, సైకిళ్లకు గాలికొట్టి పొట్టపోసికొందును గాక!"

గుమ్మమున కారియరుతో నిలిచిన ఇల్లాలు ఇదంతయు ఓపికగా వినెను.

"అయిందా? ఇక దిగండి, డ్రమ్ము సొట్టపడుతోంది. అన్నం చల్లారిపోతోంది. శపథాలు తర్వాత, ముందు ఆ ట్యాంకుకి మూత తెచ్చి పెట్టండి."

"మూతా!" అని వీరుడు వెక్కిరించెను. "నేను యుద్ధం గురించి మాట్లాడుతుంటే నువ్వు మూత గురించి మాట్లాడతావేమిటి? రేపు తెస్తాలే."

మరునాడు తెచ్చినది మూత కాదు. మరునాడు మేస్త్రీ బావమరిదిని వెంటబెట్టుకొని పాత ఇనుప సామాన్ల యార్డుకు దండు వెడలెను. బావమరిదికి అప్పటికే నాలుక కరచుకొన్నంత పశ్చాత్తాపము కలిగియుండెను. "సరదాకన్నాను బావా, పట్టించుకోకు. ఆ పాత ఇంజనే ఒకసారి విప్పి చూస్తే పోయేది కదా" అనెను. "వీరులు విప్పి చూడరు. మార్చి పారేస్తారు" అని మేస్త్రీ నడక వేగము పెంచెను.

అచట, విరిగిన మంచములకు, నలిగిన బీరువాలకు నడుమ, రెండు మహాయంత్రములు పక్కపక్కన పరుండియుండెను. ఒకటి యుద్ధట్యాంకుది, ఒకటి విమానముది. యార్డు యజమాని మొదటిదాని వీపు నిమిరి "ఇది గోడలు కూల్చిందండీ" అనెను. మేస్త్రీ దానిని జానలతో కొలిచి చూచి నిట్టూర్చెను. దానిని కారులో పెట్టుటకంటె కారును దానిలో పెట్టుట సులభము. అంతట రెండవదాని కడకు పోయి, "మరి ఇది?" అనెను.

"మబ్బుల్లో తిరిగిందండీ. విమానం పోయింది, ఇంజను మిగిలింది."

"విమానం ఎలా పోయింది?"

"అది మాత్రం అడక్కూడదండీ."

ఆ సమాధానముతో వీరుడు పరమసంతుష్టుడయ్యెను. బావమరిది తలపట్టుకొనెను. సాయంకాలమునకు ఆ గగనచర యంత్రము, షెడ్డు దూలమునకు గొలుసులతో వేలాడుచు, కింద నిలిచిన చిన్నకారును కోడిపిల్లను గద్ద చూచినట్లు చూచుచుండెను.

ఇక కథలో పెద్ద గండము వచ్చుచున్నది, జాగ్రత్తగా వినుడు. మేస్త్రీ పాత ఇంజనును విప్పి తీయుచు, పెట్రోలు గొట్టము నూడదీసి, అలవాటు కొలది ఒక కన్ను మూసి దానిలోనికి చూచెను. అడ్డముగా ఏదో కనబడెను. సన్నని తీగతో లాగెను. నీలిరంగు పీచుండ, చిటికెడంత, బయటికి వచ్చెను. మూతకు బదులుగా తాను కుక్కిన గుడ్డయే పోగుపోగుగా ట్యాంకులోనికి రాలి, పారి, గొట్టమున గూడుకట్టినది! ఉఫ్ అని ఊదెను. గొట్టము శుభ్రమయ్యెను. చిన్న ఇంజనుకు ఏ రోగమును లేదు. పాపము, దానికి ఊపిరాడలేదు, అంతే.

అప్పుడా వీరుని మనస్సున జరిగిన యుద్ధము చెప్పనలవిగాదు. ఊదితినని చెప్పి, ఉన్న ఇంజను మరల బిగించిన పని ముగియును. కాని తలపైన విమానపు ఇంజను వేలాడుచున్నది. గుమ్మమున వీధివారు మూగియున్నారు. బావమరిది కడుపున మాట దాగక బస్సు రూటు పొడవునా చెప్పివేసినాడు. ఇప్పుడు పీచుండ చూపి "ఇదీ సంగతి" యనుటయా? మేస్త్రీ అటునిటు చూచి, ఆ నీలిపీచును చొక్కా జేబున వేసికొని, "దించండిరా కిందికి!" అని షెడ్డు కుర్రాళ్లపై గర్జించెను. కొండను తవ్వి ఎలుకను పట్టినవారు కలరు. ఎలుక తానై వచ్చి ఎదుట నిలువగా, దానిని జేబున వేసికొని మరీ కొండను తవ్వినవాడు ఈతడొక్కడే!

తవ్వకము భయంకరముగా సాగెను. బానెట్టు కూలెను. డాష్‌బోర్డు నేల కొరిగెను. ముందుసీట్లు రెండును రణరంగమునుండి వెడలగొట్టబడెను. భారమునకు కుంగిన ముందుభాగమునకు లారీ స్ప్రింగు కమానులు వెన్నుదన్నయ్యెను. స్టీరింగు గొట్టమునకు అతుకుపై అతుకు వేసి పొడిగింపగా, డ్రైవరు వెనుకసీటుకు చేరెను. ఇంజను ఏ దిక్కుగా పెట్టవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, బావమరిది "ఫ్యాను తగిలించే మూతి గేరుబాక్సు వైపుకి తిప్పి పెట్టు బావా, అదే సులువు" అనెను. మేస్త్రీ కనులెర్రజేసెను.

"మబ్బులకు ఎదురుగ మోముంచి చెలగిన యంత్రమురా ఇది! రణమున దీనిచే వెన్ను చూపింతునా? మోము ముందుకే యుండవలె! తోకకే గేరుబాక్సు బిగింపవలె!"

అట్లే బిగించిరి. ఒక చిన్న సంగతి మాత్రము ఎవ్వరికిని తట్టలేదు. ఆ ఇంజను తిరుగు దిక్కు వేరు, కారు ఇంజను తిరుగు దిక్కు వేరు. బావమరిది చెప్పినట్లు తిప్పి పెట్టియుండినచో రెండును కలిసెడివి.

పరీక్షాదినము రానే వచ్చెను. వీధివారు మేడలెక్కిరి. సెలవు పెట్టి వచ్చిన బావమరిది మెడలో విజిలు వేలాడుచుండెను. మేస్త్రీ వెనుకసీటునుండి మీట నొక్కెను. ఆహా, ఆ ధ్వనిని ఏమని వర్ణింతును! దండెములపై బట్టలు తమంత తామే ఆరెను. కిటికీ అద్దములు పళ్లు కొరికెను. నిద్రించుచున్న పసిపాప మేల్కాంచి, ఏడ్చుట మరచి, అట్లే చూచుచుండెను. వీరుడు ఫస్టు గేరు వేసి క్లచ్చు వదలెను.

కారు వెనుకకు పోయి డ్రమ్ములను గుద్దెను.

పొరపాటున రివర్సు పడినదనుకొని, సెకండు వేసెను. ఇంకను వేగముగా వెనుకకు పోయెను. థర్డు వేయబోగా జనము పరుగులు తీసిరి. చివరకు రివర్సు వేయగా, పెళ్లినడకలతో మెల్లగ ముందుకు కదలెను.

బావమరిది లెక్క చూచి, జాలిగా అనెను: "ముందుకి ఒకటే గేరు, వెనక్కి నాలుగు! బావా, ఇది కారు కాదు, మా డిపో!"

మేడలపై నవ్వులు పగిలెను. మేస్త్రీ ఇంజను ఆపి దిగి, పాత టైరుపై కూలబడెను. ముందుకున్న ఆ ఒక్క గేరు మిట్ట మొదటికి పోవువరకే చాలును. ఆపై టాప్ గేరు ఎక్కడిది? ప్రతిజ్ఞ ఎక్కడిది? అంతలో ఇల్లాలు గుడ్డల మూట చంకనిడుకొని, కారు చుట్టు ప్రదక్షిణముగా నడచి, లోనికి తొంగిచూచి, నెమ్మదిగా అడిగెను.

"అంతా బాగానే ఉంది. ఇంతకీ నేనెక్కడ కూర్చోవాలి?"

మేడలపై నవ్వు ఆగెను. ఎవరికై ఇంజను మార్చెనో, ఎవరికై ప్రతిజ్ఞ పట్టెనో, ఎవరికై గగనమును దించి షెడ్డులో పెట్టెనో, ఆమెకే సీటు లేదు! ఆ సంగతి మేస్త్రీకి ఆ క్షణమువరకు తోచనేలేదు. ఆయన తల ఎత్తలేకపోయెను. నోట శ్లాఘలు లేవు, సమాసములు లేవు. "నాకు గుర్తు రాలేదు" అనెను, అంతే.

ఇల్లాలు కొంచెముసేపు ఆయనను చూచెను. తిట్టుననుకొంటిరా? తిట్టవలసినదే, నేనైన తిట్టియుందును. ఆమె మాత్రము వెనుకకు నడచి, డిక్కీ తెరచి, మూటను లోపల పరచి, దానిపై ఎక్కి కూర్చుండెను.

"మిట్టకి ఎటు తిరిగి ఎక్కితే ఏముంది? పైకి వెళ్తే చాలు కదా. మీకెలాగూ వెనక కనపడదు. నేను చెప్తుంటాను, మీరు తోలండి. కొట్టు తెరిచే వేళయింది."

వీరుడు లేచెను. ఆయన లేచిన తీరును చూచి, బావమరిది కళ్లు తుడుచుకొని, విజిలు నోట నిడుకొని, "రైట్, రైట్!" అనెను.

బయలుదేరెను దండయాత్ర! డిక్కీ ముందు, బానెట్టు వెనుక! ఇంజనునకు వెన్ను చూపనీయనని బీరములు పలికిన ఆ మానధనుడు, ఇప్పుడు తానే వెన్ను ముందుంచుకొని రణమునకు పోవుచుండెను. తెరచిన డిక్కీమూత అడ్డుపడుటచే ఆయనకు కనబడునది వెడలి వచ్చిన వీధి మాత్రమే. రానున్న వీధియంతయు ఆమె గొంతులో ఉండెను.

"ఎడమకి! ఎడమకండీ! అయ్యో, మీ ఎడమ కాదు, నా ఎడమ!"

ఫస్టు గేరున మిట్ట మొదలు జయింపబడెను. సెకండున నీళ్ల ట్యాంకరు దారి నిచ్చి తొలగెను. థర్డున, సైకిలు దిగి నడిపించుకొని పోవుచున్న పెద్దాయన ఒకడు పక్కకు జరిగి, తన వైపే చూచుచు డిక్కీలో కూర్చుండి మిట్ట నెక్కుచున్న ఆ గృహిణికి, ఏమి చేయవలెనో తోచక, నమస్కరించెను. ఆమెయు నమస్కరించెను.

అంతలో మందుల షాపు వచ్చెను. ప్రతిదినము పరువు పోవు చోటు! అచ్చటనే, సరిగ్గా అచ్చటనే, ఇంజను ఖళ్లుమని దగ్గెను. మూత లేదు కదా! నీలిగుడ్డ ఇంకను ట్యాంకునోటనే యున్నది, మరియొక పీచుండ గొట్టమున చేరినది. కారు తడబడెను. మిట్టకిందికి జారునట్లుండెను. అలవాటు చెడ్డది. ఇల్లాలు ఆలోచింపకయే కొంగు బిగించి, ఒక కాలు డిక్కీ వెలుపలికి చాచెను. చెప్పు నేలకు బెత్తెడు ఎత్తున నిలిచెను.

కనబడకున్నను ఆ కదలికను మేస్త్రీ ఎరిగెను. ఎన్ని ఉదయములు ఆ కారు అట్లు కొంచెము పైకి లేచి ఆమె దిగినదని చెప్పలేదు!

"దిగొద్దు!" అని అరచెను. "నీకు దండం పెడతా, నువ్వు దిగకు!"

ఆమె కాలు లోనికి తీసికొనెను. మేస్త్రీ పళ్లు బిగబట్టి, పెడలు నేలకంట తొక్కెను. మేఘమండలమున గర్జించిన ఆ యంత్రరాజము, తన జన్మమున కిట్టి శత్రువు దొరికెనా యని ఒక్క క్షణము చిన్నబోయి, ఆ చిటికెడు పీచును మింగి, వీధి వీధియంతయు నల్లబడునట్లు పొగ త్రేన్చి, హుంకరించి ముందుకు, అనగా వెనుకకు, దుమికెను. పడెను టాప్ గేరు! ఎక్కెను మిట్ట! మందుల షాపువాడు మాత్రలు లెక్కించుట మాని చప్పట్లు కొట్టెను.

కుట్టుకొట్టు మెట్టు కడ ట్యాంకులోని ఆఖరు చుక్క త్రాగి ఇంజను ఆగెను. ఇల్లాలు డిక్కీనుండి తిన్నగా కొట్టు మెట్టుపైకి దిగెను. మేస్త్రీ దిగి, కారు చుట్టు తిరిగి వచ్చి, ఆమె ముఖము చూడకుండ, వంగి ఆమె చెప్పులను చూచెను. దుమ్ము లేదు.

ఆమె మూట విప్పి, లోపలినుండి చిన్న పొట్లమొకటి తీసి ఆయన అరచేత పెట్టెను. అందు చిటికెడు నీలిపీచు.

"మొన్న మీ చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది, పెట్రోలు వాసనతో. స్కూలు పిల్లల యూనిఫాం గుడ్డ. నా కత్తెరకి తెలియని గుడ్డ ఉంటుందా?"

మేస్త్రీ ఆ పీచును వేళ్లతో తిప్పి చూచెను. "అయితే ఇంజను మార్చక్కర్లేదని నీకు అప్పుడే తెలుసా?" అనెను.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఇన్నేళ్లకి నా కారు మీకు కనపడింది. ఇంజను మార్చి చూస్తారో, మూత పెట్టి చూస్తారో మీ ఇష్టం. చూస్తున్నారు కదా అని ఊరుకున్నాను." అని తాళము తీయుచు, వెనుకకు తిరుగకయే అనెను: "మూత మాత్రం రేపనకండి."

వీరుడు రేపనలేదు. పెట్రోలు చుక్క లేని విమానయంత్ర శకటమును కొట్టు ఎదుట విడిచి, ఆ మిట్టను తన కాళ్లతో దిగి, విడిభాగముల దుకాణమునుండి మూత కొని, మరల తన కాళ్లతో ఎక్కి వచ్చెను. ఆయన చెప్పులు మాత్రము దుమ్ముకొట్టుకొని పోయెను. ఆమె కుట్టుమిషను ఆపి, లేచి వచ్చి, పక్కన నిలిచి చూచెను. నీలిగుడ్డ నూడబెరికి, మూత పెట్టి తిప్పగా, టక్కుమని బిగిసెను.

ఈ కథ విన్నవారి వాహనములు ఎటు తిరిగి పోయినను పోవలసిన చోటికి చేరును గాక! చదివినవారి ఇండ్లలో రేపటికి వాయిదాపడిన పనులు నేడే ముగియును గాక! మధ్యలో దగ్గినవారిని క్షమించితిని, పొండు. ఎల్లరును వినుడు, దిక్కులు మార్మోగ చాటుచున్నాను: ఆనాడు ఏటవాలు వీధిపై ఒక ఇల్లాలి చెప్పులకు దుమ్మంటలేదు, ఒక పెట్రోలు ట్యాంకుకు మూత వచ్చెను! జయము! జయము!